చిన్నదాని గదిలో పిచ్చుక

దర్జీ దుకాణం నుంచి చొక్కాల మూట వచ్చిందంటే గుండీలక్క గుమ్మం పక్కన వెలుతురు పడేచోట పీట వేసుకుని కూర్చునేది. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఆమె పని. దారానికి మైనం రాసి, సూదిలోకి ఎక్కించి, పంటితో పుటుక్కున తెంపి మొదలుపెట్టిందంటే మెడ దగ్గరి గుండీ నుంచి అడుగు గుండీ దాకా తల ఎత్తేది కాదు. దర్జీది ఎప్పుడూ ఒకటే సణుగుడు.

"అమ్మా, మీరు కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదు, ఒప్పుకుంటాను. కానీ గుడ్డకి అతుక్కుపోయేట్టు లాగేస్తారు. కాస్త దారం వదలండి. కాజాలో పట్టాలా వద్దా?"

"ఊడిపోయిందని నీ దగ్గరకి ఒక్కడైనా వచ్చాడా?" అనేది ఆమె. దర్జీ మూట కట్టుకుని పోయేవాడు.

ఆ పట్టు ఆమెకి పుట్టుకతో రాలేదు. తల్లి పోయేనాటికి చెల్లెలు పాలు మరవని పసిగుడ్డు. తండ్రి మిల్లులో పగలొక వారం, రాత్రొక వారం పని చేసేవాడు. అయిదో తరగతి చదువుతున్న పెద్దది బడిసంచీ మేకుకి తగిలించి, చిన్నదాన్ని చంకనేసుకుంది. ఆ సంచీ మళ్ళీ మేకు దిగలేదు. పాలు కాచడం, ఉయ్యాల ఊపడం, దగ్గొస్తే వీపు నిమరడం, నడక వస్తే వెనకాలే పరుగెత్తడం, ఇవే ఆమె చదువు. చిన్నది పడితే దెబ్బ పెద్దదానికి తగిలేది. అక్క కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది కాబట్టే ఆ పిల్ల బతికి బట్టకట్టిందని వాడంతా అనేది.

తర్వాత సంబంధం వచ్చింది. అబ్బాయి సిటీ బస్సు డ్రైవరు. ఆమె ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వకుండా ఆయన ముఖం మీదే చెప్పేసింది.

"నేనొస్తే ఇది కూడా వస్తుంది. ముందే చెప్తున్నాను."

ఆయన చిన్నదాన్ని ఎగాదిగా చూసి, "అర టికెట్టు పిల్లే కదా, ఎక్కించండి" అన్నాడు. 

ఆ మాటకే ఆమె ఆయన్ని చేసుకుంది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. దానికి ఆమె పెద్దగా బాధపడిందీ లేదు. చిన్నది ఉంది కదా. మేడ మీద ఉన్న ఒక్క గదీ చిన్నదానికే ఇచ్చారు. అది చదువుకుంది. యూనివర్సిటీలో గుర్తింపు కార్డులు చేసే కౌంటరులో ఉద్యోగం వచ్చింది. పొద్దున బావ నడిపే బస్సులోనే వెళ్ళేది. సాయంత్రం ఇంకే బస్సులో వచ్చినా, స్టాపులో అక్క నిలబడి ఉండేది. వాన పడితే గొడుగుతో, చలి వేస్తే శాలువాతో.

ఒకసారి జ్వరమని పడుకుంది చిన్నది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి తీసుకురాలేదు.

అంతే. ఆ మాట ఇంకోలా చెప్పడానికి గుండీలక్కకి ఎప్పుడూ నోరు రాలేదు. గదికి గొళ్ళెం పెట్టింది. పొద్దున తీసి, తుడిచి, దువ్వెన ఎక్కడిదక్కడ, దుప్పటి మడత ఎలా ఉన్నది అలాగే ఉంచి, మళ్ళీ గొళ్ళెం పెట్టేది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే డ్రైవరు కూడా చెప్పులు చప్పుడు కాకుండా విడవడం నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఊళ్ళో కొత్త సందడి మొదలైంది. యూనివర్సిటీ ఊరి నడిబొడ్డున ఉన్నా, అన్నేళ్ళూ ఊరివాళ్ళూ వాళ్ళూ ఎడమొహం పెడమొహంగానే బతికారు. వాళ్ళ గోడ వాళ్ళది, ఊరి గోల ఊరిది. ఇప్పుడు బయటి దేశాల పిల్లలు చదువుకోడానికి వస్తామంటున్నారు, ఉంచడానికి యూనివర్సిటీ దగ్గర గదుల్లేవు. మునిసిపాలిటీ వాళ్ళకేమో తమ ఊరి పేరు నాలుగు దేశాల్లో వినపడాలని కోరిక. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. సముద్రం అవతల ఇలాగే యూనివర్సిటీ ఉన్న ఇంకో నగరాన్ని వెతికి, సిస్టర్ సిటీ అని ఒప్పందం చేసుకున్నారు. అక్కడి పిల్లలు ఇక్కడికి, ఇక్కడి పిల్లలు అక్కడికి.

"ఊళ్ళకి కూడా అక్కచెల్లెళ్ళుంటారుటే!" అన్నాడు డ్రైవరు డ్యూటీ నుంచి వచ్చి.

ఎదురింటావిడ గుమ్మంలోంచే అందుకుంది. "మరి అక్క ఎవరు, చెల్లెలెవరు అన్నయ్యా?"

"అంట్లు తోమేటప్పుడు తెలుస్తుందిలే చెల్లెమ్మా."

యూనివర్సిటీ దారిలో బస్సు నడిపేవాళ్ళందరినీ డిపోలో కూర్చోబెట్టి ఆ దేశం భాషలో పలకరింపులు నేర్పించారు. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ వల్లె వేసేవాడు. కండక్టరుకి చెప్పాడు, పాలవాడికి చెప్పాడు, చివరికి వీధికుక్కకీ చెప్పాడు. "తోక ఊపిందే, అర్థమైంది దానికి!" అని ఆయనంటే గుండీలక్క పెదవి కూడా కదల్లేదు.

స్టాపుల్లో బోర్డులు మూడు రకాల అక్షరాలతో మారాయి. వార్డు ఆసుపత్రిలో ఆ పిల్లల కోసం విడిగా ఒక కౌంటరు తెరిచారు. తర్వాత వార్డు మెంబరు, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు మేడమ్, ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. ఎవరింట్లోనైనా గది ఖాళీగా ఉంటే ఒక పిల్లనో పిల్లాడినో ఏడాది ఉంచుకోమని. ఏడాది తర్వాత ఇంటివాళ్ళని ఒకసారి, పిల్లని ఒకసారి విడివిడిగా అడుగుతారట. ఇద్దరూ ఉంటామంటేనే ఇంకో ఏడాది.

"మా ఇంట్లో ఖాళీ గది లేదు" అంది గుండీలక్క.

డ్రైవరు నేల చూపులు చూశాడు. వాళ్ళు వెళ్ళాక మెల్లిగా అన్నాడు. "ఆ గది ఊపిరాడక చస్తోందే."

రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు. మూడో పూట అన్నం పెడుతూ అంది. "పిల్లని రమ్మనండి. కానీ గదిలో వస్తువు కదలకూడదు."

"మరి దాని సామాను?"

"మంచం కింద."

ఆయన నోరు తెరవబోయి, అన్నం ముద్ద పెట్టుకున్నాడు.

రైలు స్టేషన్లో మునిసిపాలిటీ వాళ్ళు బల్ల వేశారు. ఇళ్ళవాళ్ళంతా వరసగా నిలబడ్డారు, పెళ్ళివారి కోసం ఎదురుచూసినట్టు. గుండీలక్క ఇంటికి వచ్చింది ఓ బక్కపలచని పిల్ల. సన్నటి మెడ, పెద్ద పెద్ద కళ్ళు. దాని పెట్టె దారిలో ఎక్కడో తప్పిపోయిందట, పల్చటి చొక్కాతో చలికి గజగజ వణుకుతోంది. ఇంటికి రాగానే గుండీలక్క ఇంకేం ఆలోచించలేదు. బీరువా తీసి చిన్నదాని ఆకుపచ్చ స్వెట్టరు తెచ్చి తొడిగింది. భుజాలు సరిగ్గా సరిపోయాయి. 

ఆ పిల్ల రెండు చేతులూ గుండెకి ఆనించుకుని, యూనివర్సిటీవాళ్ళు నేర్పిన మాటల్లోంచి ఏరుకుని, "చాలా వెచ్చన, అక్కా" అంది.

గుండీలక్క స్వెట్టరు అంచు సర్దింది. ఆ పిలుపు ఆ మెట్ల దగ్గర విని ఎంత కాలమైందో.

పెట్టె వారంలోపే వచ్చింది. స్వెట్టరు మాత్రం వెనక్కి వెళ్ళలేదు.

గింజలు ఏరుకున్నట్టు తింటుందని డ్రైవరు ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టాడు. పిచ్చుకకి అక్క, బావ అన్న రెండు మాటలూ బాగా పట్టుబడ్డాయి. అక్క అంటే ఆడది, బావ అంటే మగాడు అనుకుంది కాబోలు, కూరలవాడినీ బావే, దర్జీనీ బావే. ఒకరోజు వార్డు మెంబరు భార్యతో సహా వీధిలో పోతుంటే మేడమీంచి చెయ్యూపి "బావా!" అని కేకేసింది. మెంబరు ముఖం జేవురించింది. ఆయన భార్య అక్కడే నిలబెట్టి అడిగింది. "ఎవరండీ అది? ఎప్పటినుంచి?"

ఆ రోజు గుండీలక్క నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. డ్రైవరు వంటింటి గుమ్మంలో నిలబడి ఆ నవ్వునే చూశాడు, కూర మాడుతున్నా చెప్పలేదు.

ఇక అక్కడినుంచి ఆమెకి లోకం మళ్ళీ ఒక చోట కుదురుకుంది. పొద్దున పిచ్చుక జుట్టు తనే దువ్వేది. సాయంత్రం స్టాపులో నిలబడేది. బస్సు కాస్త ఆలస్యమైతే వచ్చిన ప్రతి డ్రైవరునీ అడిగేది. తోటి పిల్లలు సినిమాకి పిలిస్తే "ఎందుకు తల్లీ, రద్దీ" అనేది. యూనివర్సిటీవాళ్ళు, మునిసిపాలిటీవాళ్ళు కలిసి బయటి దేశాల పిల్లలందరినీ బస్సుల్లో సముద్రం చూడ్డానికి తీసుకెళ్తుంటే, "నీళ్ళ దగ్గరకి వద్దు, నా మాట విను" అంది.

"సరే అక్కా" అంది పిచ్చుక.

దేనికైనా ఆ పిల్లది అదే మాట. ఇంకో రెండు ముద్దలంటే సరే అక్కా. ఆ కిటికీ తలుపు తీయకంటే సరే అక్కా. గదిలో వస్తువు ఒక్కటీ కదిలేది కాదు. మంచం కింద పెట్టె లాక్కుని, కావలసింది తీసుకుని, మళ్ళీ లోపలికి తోసేది. నేల మీద కూర్చుని చదువుకునేది, ఎందుకంటే బల్ల మీద చిన్నదాని పుస్తకాలున్నాయి. 

"ఎంత ఒద్దికైన పిల్లో చూశావా వదినా" అంది గుండీలక్క ఎదురింటావిడతో.

ఎదురింటావిడది పెద్ద నోరే గానీ చెడ్డ మనసు కాదు. "వదినా, నేను ముగ్గుర్ని కన్నాను. కడుపున పుట్టినవాళ్ళే అన్నిటికీ సరే అనరు. అడ్డం తిరగని పిల్ల ఇంట్లో ఉంటే నాకైతే భయమేస్తుంది."

"నీ దిష్టి తగలకుండా ఉంటే అదే పదివేలు" అని సూది గుచ్చినట్టు అని, కొన్నాళ్ళు ఆ గుమ్మం వైపు చూడలేదు.

ఏడాది దగ్గర పడుతోంది. ఇంకో ఏడాది ఉంటుందా, ఉండదా? గుండీలక్కకి గుండీ కుడుతున్నా, నీళ్ళు పడుతున్నా అదే ధ్యాస. ఉంటుంది, ఎందుకుండదు? ఎవరిల్లు ఇంతకన్నా బాగుంటుంది? మళ్ళీ అంతలోనే గుబులు. పిల్లకి ఏం తక్కువైందో అని ఇంకాస్త ఎక్కువ చేసేది.

అప్పుడు సముద్రం అవతలి నగరం నుంచి పెద్దమనుషులు వచ్చారు. అక్కడి మునిసిపాలిటీవాళ్ళు, అక్కడి యూనివర్సిటీవాళ్ళు, ఒప్పందం ఎలా నడుస్తోందో చూసుకోడానికి. వార్డు హాల్లో సభ పెట్టారు. ఇళ్ళవాళ్ళలో ఎవరైనా మాట్లాడాలన్నారు. వార్డు మెంబరు నేరుగా వచ్చి, "అక్కా, మీరే మాట్లాడాలి. మన వార్డులో మీ ఇంటి గురించే చెప్పుకుంటున్నారు" అన్నాడు. గుండీలక్క జన్మలో వేదిక ఎక్కలేదు. ఎక్కితే మంచిదే అనుకుంది. పిల్లని ఎలా చూసుకున్నదీ అందరి ముందూ చెప్తే, ఇక కాదనేవాళ్ళెవరు?

రావలసిన దుబాసీ రాలేదు. ఆఫీసు మేడమ్ అటూ ఇటూ చూసి పిచ్చుకనే పిలిచింది. "అక్కగారు చెప్పింది మీవాళ్ళకి నువ్వే చెప్పమ్మా."

వేదిక మీద ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. పిచ్చుక ఒంటి మీద ఆకుపచ్చ స్వెట్టరు.

 నోరు తెరిచాక గుండీలక్క గేటు ఎత్తిన కాలువే అయింది. "ఈ పిల్లకి జుట్టు నేనే దువ్వుతాను" అంది. పిచ్చుక వాళ్ళ భాషలో చెప్పింది. "సాయంత్రం స్టాపుకి నేనే వెళ్తాను, ఒక్కదాన్ని ఎక్కడికీ పంపను." చెప్పింది. "సముద్రానికి వెళ్తానంటే వద్దన్నాను. మానేసింది. సినిమాలకీ వెళ్ళదు. నేను ఎంత చెప్తే అంత." చెప్పింది, గొంతు కొంచెం తగ్గింది. "ఈ స్వెట్టరు మా చెల్లెలిది. మా చెల్లెలి గది, మా చెల్లెలి మంచం. ఒక్క వస్తువు కదిలించలేదు ఈ తల్లి. మా చిన్నది పోయింది. ఇది వచ్చింది. నాకు నా చెల్లెలే మళ్ళీ వచ్చింది."

పిచ్చుక చెప్పలేదు.

హాల్లో మనవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న పిచ్చుక ఊరివాళ్ళు ఆమె మాట కోసం చూస్తున్నారు.  ఆ వరసలోంచి ఒక పెద్దావిడ లేచి వాళ్ళ భాషలో ఏదో చిన్న ప్రశ్న అడిగింది. అంతే, ఆ పిల్ల రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

గుండీలక్క దాన్ని గుండెకి హత్తుకుంది. హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఆఫీసు మేడమ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"చూశారా, నా మీద ఎంత ప్రేమో!" అంది గుండీలక్క ఇంటికి వెళ్ళే దారిలో భర్తతో. ఆయన స్టీరింగు లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టుకుని నడిచాడు.

విడివిడిగా అడిగే రోజు వచ్చింది. గుండీలక్క లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండానే "ఉంచుకుంటాం" అని వచ్చేసింది. తర్వాత పిచ్చుక వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. ఆ సాయంత్రం ఎన్నడూ లేనిది అడిగి మరీ రెండోసారి కూర వేయించుకుంది. గుండీలక్క మనసు తేలికైంది.

రెండు రోజుల తర్వాత మేడమ్ ఇంటికి వచ్చింది. గుండీలక్క పక్కనే పీట లాక్కుని కూర్చుంది, చొక్కాల మధ్య. 

"అక్కగారూ, పాత మార్కెట్టు భవనాన్ని మునిసిపాలిటీ బాగుచేసి ఇచ్చింది. మేం గదులు కట్టించాం. పిల్లల ఇల్లు అని పేరు పెట్టాం. పిచ్చుక వచ్చే ఏడాది అక్కడ ఉంటానంది."

సూది ఆగింది. "మీరు అనిపించారు."

"లేదండీ."

"మీకు గదులు నిండాలి. మునిసిపాలిటీకి చూపించుకోడానికి భవనం కావాలి. మధ్యలో నా పిల్లని..."

"అక్కగారూ," మేడమ్ గొంతు చాలా మెత్తగా ఉంది, "తప్పు మాది కూడా. ఇంటికి రాకుండా, గది చూడకుండా పిల్లని పంపించాం. మంచి ఇల్లు అన్నారని నమ్మాం. మంచి ఇల్లే. కానీ తను ఏడాదంతా మాతో ఒక్క మాట చెప్పలేదు. మీ మనసు నొచ్చుకుంటుందని."

మేడమ్ వెళ్ళిపోయాక పిచ్చుక మెట్లు దిగి వచ్చింది. స్వెట్టరు మడిచి రెండు చేతుల మీద పెట్టుకుని ఉంది. 

"నీకు ఏం తక్కువ చేశాను?" అంది గుండీలక్క.

పిల్ల నేల మీద కూర్చుంది. వచ్చిన భాష కొంచెమే, దాన్నే కూడదీసుకుంది. "తక్కువ కాదు అక్కా. ఎక్కువ."

"ఎక్కువైతే చెప్పొచ్చు కదా!"

"ఎలా చెప్పాలి? మీరు ఏడుస్తారు." చేతుల మీది స్వెట్టరు మడత సర్దింది. "మీరు నన్ను చూడరు అక్కా. స్వెట్టర్ని చూస్తారు. నాకు మా ఇంట్లో అక్క ఉంది. తను నన్ను తిడుతుంది. నేనూ తిడతాను, తలుపు గట్టిగా వేస్తాను. ఇక్కడ ఏడాది తలుపు మెల్లిగా వేశాను."

"ఆ రోజు హాల్లో ఆవిడ ఏమడిగింది నిన్ను?"

"నువ్వు బాగున్నావా అని."

 పిల్ల స్వెట్టరు గుండీలక్క ఒడిలో పెట్టింది. అది ఇంకా వెచ్చగానే ఉంది. అందులో ఇప్పుడు చిన్నదాని వాసన లేదు, ఏదో కొత్త సబ్బు వాసన. గుండీలక్క ముక్కుకి ఆనించుకుని వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు. మనిషి పోవడం అదొకటి, వాసన పోవడం ఇదొకటి.

పిచ్చుక వెళ్ళిన నాడు డ్రైవరే పెట్టె మోశాడు. మేడ మీది గది ఎలా ఉండేదో అలాగే ఉంది. దువ్వెన ఎక్కడిదక్కడ. ఒక మనిషి ఏడాది అందులో బతికిందనడానికి గోడ మీద మేకు గుర్తు కూడా లేదు. మంచం చివర కూర్చుని గుండీలక్క ఆ సంగతి మొదటిసారి గమనించింది. ఇల్లు బోసిపోవడం ఆమెకి తెలుసు. కానీ ఈసారి బోసిపోవడానికి ముందు కూడా ఎవరూ లేనట్టే ఉంది.

కొన్నాళ్ళకి పిల్ల కబురు పెట్టింది, నా గది చూడ్డానికి రండి అక్కా అని. వెళ్ళనంది. పంతం పట్టింది. మళ్ళీ కబురు వచ్చింది. చొక్కాల మూట పక్కన పెట్టి, భర్త నడిపే బస్సెక్కి వెళ్ళింది.

పాత మార్కెట్టు గుర్తుపట్టలేనట్టుంది. కింద వంటిల్లు అందరిదీ ఒకటే. నాలుగు దేశాల పిల్లలు, ఊరి పిల్లలు కూడా, గరిటెల కోసం దెబ్బలాడుకుంటున్నారు. గుండీలక్క గుమ్మంలోనే ఆగి పిచ్చుక గది చూసింది. మంచం కిటికీ కిందకి లాగేసుకుంది. కుర్చీ నిండా బట్టలు, నేల నిండా పుస్తకాలు, గోడ నిండా బొమ్మలు. వాటి మధ్య సముద్రం ఒడ్డున తడి జుట్టుతో నవ్వుతున్న పిచ్చుక. పక్క గదిలోంచి ఎవరో గోడ మీద కొడితే ఈ పిల్ల కూడా గట్టిగా ఒక్కటి కొట్టి ఏదో తిట్టింది. అంత గొంతు ఉందని ఆమెకి తెలీదు.

"కూర్చోండి అక్కా" అని కుర్చీ మీది బట్టలు ఒక్క విసురున మంచం మీద పారేసింది. టీ పెట్టి తెచ్చింది. చక్కెర ఎక్కువైంది. గుండీలక్క మొత్తం తాగింది. వెళ్ళేటప్పుడు పిల్ల మెట్ల దాకా వచ్చి గట్టిగా వాటేసుకుంది. 

"మళ్ళీ వస్తా అక్కా మీ ఇంటికి. భోజనానికి."

"స్టాపులో..." అని నాలుక కరుచుకుంది. "నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు రా."

తిరుగు బస్సులో డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంది. ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయారు. ఆయన ఇంజను ఆపి, సీట్లోంచే వెనక్కి తిరిగాడు.

"ఎలా ఉంది పిచ్చుక?"

"బాగుంది." కిటికీలోంచి బయటకి చూస్తూ అంది. "ఒక్కసారి నోరు తెరిచి చెప్తే ఏం పోయేదండీ? అక్కా, నాకిది వద్దు అంటే నేను కాదంటానా? నేనేమన్నా రాక్షసినా?"

ఆయన మళ్ళీ స్టీరింగు వైపు తిరిగాడు. 

"చెప్పండి. మీరూ మాట్లాడరేం?"

"నీకు ఎవరు చెప్తారే?" అన్నాడాయన. "నీ ముఖం చూస్తే ఎవరికి నోరొస్తుంది? చిన్నదే చెప్పలేకపోయింది."

ఆమె తల తిప్పింది. అన్నాక ఆయనకి తెలిసింది ఏమన్నాడో. ఇక దాచడానికి లేదు. స్టీరింగు మీద బొటనవేలితో గీస్తూ చెప్పాడు.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో. అక్కడ పనిచేసే ఆడపిల్లలంతా కలిసి గది తీసుకుంటున్నారు బావా, నేనూ వెళ్తాను, అక్కకి నువ్వు చెప్పు అంది. ఇదిగో, ఈ బస్సులోనే."

"మీరేమన్నారు?"

"అక్క పిచ్చిదైపోతుంది, ఉండిపోమ్మా అన్నాను." 

"అదేమంది?"

"సరే బావా అంది."

బస్సు చుట్టూ జనం నడుస్తున్నారు. ఎవరో డోరు మీద తట్టి, ఇంకా టైముందని తెలిసి పక్కకి వెళ్ళారు. గుండీలక్క ఏడవలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చుంది. సూదిపోట్లతో గట్టిపడ్డ వేళ్ళు. ఆయన సీటు దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, దగ్గరగా కూర్చోడానికి ధైర్యం చాల్లేదు.

"వెళ్ళినా ఆ జ్వరం వచ్చేదే" అన్నాడు. "నువ్వు ఇంకేం పెట్టుకోకు మనసులో. జ్వరానికి ఏ ఇల్లైనా ఒకటే."

"జ్వరం గురించి కాదు." ఆమె తల అడ్డంగా ఊపింది. "మేడమ్‌కి చెప్పండి, వచ్చే ఏడాదికి మన ఇంటికి ఎవరినీ పంపొద్దని. ఇంకో పిల్ల చేత సరే అక్కా అనిపించలేను."

"చెప్తాను."

"పంపించేయాల్సిందండీ దాన్ని. మీరైనా పంపించేయాల్సింది." ముందు సీటు కమ్మీ మీద నుదురు ఆనించింది. "వెళ్ళి ఉంటే, ఎప్పుడో ఒక ఆదివారం నన్ను చూడాలనిపించి తనంతట తను వచ్చేది. ఒక్కసారైనా వచ్చేది."